మూడంటే రమ్మని

నా పుస్తకం చదివి ఏడ్చామని ఎవరైనా చెబితే నాకు ఒళ్లు మండుతుంది. మొహం మీద అనలేను కాబట్టి థాంక్స్ చెప్పి వచ్చేస్తాను. ఆ రోజంతా ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడను. ఇంట్లో ఉండేది అమ్మ ఒక్కతే. అందుకని ఆ చిరాకంతా ఆమె మీదే పడుతుంది. ఆ పుస్తకం పదహారు, పదిహేడేళ్ల పిల్లల కోసం రాసిన నవల. చావు గురించి, చచ్చిపోయాక ఉండే లోకం గురించి, మనల్ని మనం క్షమించుకోవడం గురించి. ఆ మూడింటిలో నాకు కాస్తో కూస్తో తెలిసింది చావు ఒక్కటే. మిగతా రెండూ కల్పించి రాశాను. బాగానే కల్పించానట, చదివినవాళ్లంతా అంటారు.

నేను పద్మారావు నగర్‌లో ఒక స్కూల్లో తెలుగు టీచర్‌ని. స్కూలుకు రెండు వీధుల అవతల, రెండు గదుల అద్దె ఇల్లు మాది. ఒకప్పుడు అందులో నలుగురం ఉండేవాళ్లం. నాన్న జనరల్ బజార్‌లో ఒక బట్టల దుకాణంలో పనిచేసేవాడు. తమ్ముడు నాకంటే రెండేళ్లు చిన్న, పదిహేడో ఏట పోయాడు. దానికి ఇప్పుడు పదహారేళ్లు. వాడు పోయిన పదేళ్లకు నాన్న కూడా పోయాడు. నేనిక్కడ రాస్తున్నది ఆయనకు చివరిదాకా తెలియలేదు. చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ముందు మా ఇంటి ఫోన్ల సంగతి చెప్పాలి. అవి బటన్ ఫోన్ల రోజులు. నాన్నకొకటి, తమ్ముడికొకటి, అమ్మకూ నాకూ కలిపి ఒకటి. అప్పట్లో సికింద్రాబాద్‌లో సగం ఇళ్లు మిస్డ్ కాల్స్ మీదే నడిచేవి. మా నాన్న మాత్రం దానికి ఏకంగా చట్టం చేసి పెట్టాడు. ఒక మిస్డ్ కాల్ వస్తే బయల్దేరానని. రెండు వస్తే ఆలస్యమవుతుంది, మీరు తినేయండని. మూడు వస్తే స్టేషన్ ముందు బస్సు దిగాను, బండి తీసుకుని రమ్మని. ఫోన్ మోగితే ఎత్తకూడదు, కట్ చేయాలి. కట్ చేస్తే కబురు అందిందని అవతలివాళ్లకు తెలుస్తుంది. ఎత్తితే మాత్రం బ్యాలెన్స్ పోతుంది, నాన్న పరేషాన్ అవుతాడు. ఒకసారి అమ్మ మరిచిపోయి ఎత్తి హలో అంది. ఆ ఒక్క హలో గురించి ఆయన వారం రోజులు సణిగాడు. అప్పుడు మేమంతా కడుపుబ్బ నవ్వుకున్నాం.

తమ్ముడికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. చలికాలం మొదలైతే చాలు, ఛాతీలో పిల్లికూతలు. చిన్నప్పుడు అమ్మ వాణ్ని గుండెలకు ఆనించుకుని గోడకు చేరగిలబడి గంటలు గంటలు కూర్చునేది. పెద్దయ్యాక వాడికి సిగ్గు మొదలైంది. దోస్తుల ముందు మందు పీల్చే పంపు తీసి నోట్లో పెట్టుకోవడం నామోషీ. బ్యాగులో పెట్టావా అని అడిగితే పెట్టానంటాడు, చూస్తే అది మంచం కింద ఉంటుంది. రొమ్ము ఎగిరెగిరి పడుతున్నా సరే, అమ్మ అడిగితే ఒకటే జవాబు, మంచిగనే ఉన్న అని. అమ్మకు ఆ మాట ఇప్పటికీ చెవుల్లో మోగుతుంది. ఆమె కోపమంతా దాని మీదే.

ఆ రోజు సాయంత్రం ఐదు దాటింది. డిసెంబరు చలి అప్పుడే దిగుతోంది. తమ్ముడు నేరేడ్‌మెట్‌లో దోస్తు ఇంటికి చదువుకోవడానికని పోయాడు. చదువో క్రికెట్టో వాడికే తెలియాలి. అమ్మ కూరగాయలకని మోండా మార్కెట్‌కు పోతూ ఫోన్ నా దగ్గర వదిలిపోయింది. అంతకుముందు రోజు తమ్ముడు నా స్కూటీ తీసుకుపోయి, ట్యాంకు ఎండగొట్టి, ఏమీ ఎరగనట్టు గేటు లోపల పెట్టేశాడు. పొద్దున కాలేజీకి బయల్దేరిన నేను దాన్ని బంకు దాకా తోసుకుంటూ పోయాను. వీధిలో అందరూ చూశారు. ఎవడో పోరడు వెనక నుంచి ఈల కూడా వేశాడు. పంతొమ్మిదేళ్ల ఆడపిల్లకు అంతకంటే అవమానం ఏముంటుంది? ఇంకోసారి వాడి కోసం బండి తీస్తే నా పేరు మార్చుకుంటానని ఒట్టు పెట్టుకున్నాను.

ఫోన్ మోగింది. తమ్ముడు. కట్ చేశాను. మళ్లీ మోగింది, కట్ చేశాను. మూడోసారీ మోగింది, కట్ చేశాను. మూడంటే రమ్మని. బండి తాళం నా ఎదురుగా మేకుకు వేలాడుతోంది. పది నిమిషాల దారి. నడిచి రానీ నవాబు సాబును, అనుకున్నాను. సరిగ్గా ఇవే మాటలు. పదహారేళ్లలో ఇందులో ఒక్క అక్షరం మరిచిపోలేదు. అలా అనుకుని, గోళ్లకు రంగు వేసుకోవడం మొదలుపెట్టాను.

తర్వాత తెలిసిందేమిటంటే, వాడు బస్సు దిగి, స్టాపులో స్తంభం పట్టుకుని కూర్చుండిపోయాడు. చుట్టూ జనం. తాగి పడ్డాడనుకున్నారట. చాలాసేపటికి ఒక ఆటో డ్రైవరు దగ్గరికెళ్లి చూసి, పెదాలు నల్లబడ్డాయని గుర్తుపట్టి, ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. కాలేజీ కార్డు మీద నాన్న నంబరుంది. జేబులో ఫోన్ లేదు, అప్పటికే ఎవరో కొట్టేశారు.

ఏడింటికి నాన్న ఫోన్ చేశాడు. అదీ కట్ చేశాను. బయల్దేరానంటున్నాడని అనుకున్నాను. మళ్లీ మోగింది, ఆలస్యమవుతుందేమో అనుకున్నాను. మూడోసారి విసుక్కున్నాను. నాలుగోసారి కూడా మోగింది. నాలుగుకు మా ఇంట్లో అర్థం లేదు. అందుకే ఎత్తాను. అమ్మను తీసుకుని రా, తమ్మునికి బాగ లేదు అన్నాడు నాన్న. ఆయన గొంతు వినగానే నాకంతా అర్థమైపోయింది.

ఆ తర్వాత నేను చేసిన పని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మ అప్పటికి మార్కెట్ నుంచి వచ్చింది, వంటింట్లో కూరగాయలు కడుగుతోంది. ఆమెను పిలవక ముందే నేను బాత్రూంలోకి పోయి తలుపు వేసుకుని, ఫోన్‌లో కాల్ లిస్టు మొత్తం తుడిచేశాను. కంగారులో చేశానని, ఏం చేస్తున్నానో తెలియలేదని అనొచ్చు. కాదు. బాగా తెలిసే చేశాను. తమ్ముడు బతికున్నాడో లేడో కూడా తెలియదు, నాకు వచ్చిన మొదటి ఆలోచన మాత్రం నా తప్పు బయటపడకూడదని. నేను అలాంటిదాన్ని. తుడవడం అయ్యాక బయటికొచ్చి అమ్మకు చెప్పాను. మేం పోయేసరికి అంతా అయిపోయింది. అరగంట ముందు తెచ్చి ఉంటేనా అన్నాడు డాక్టరు.

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. ఎంత పనికిరానివాడైనా పోయాక మంచివాడైపోతాడు. మా ఇంట్లో అది తిరగబడింది. పదకొండో రోజు అయ్యాక అమ్మ ఏడుపు ఆగి, కోపం మొదలైంది. అదీ వాడి మీద. జేబుల ఫోన్ పెట్టుకొని సచ్చిండు అనేది. ఒక్క మిస్డ్ కాల్ కొడితే ఉరికొస్తుంటిమి గదా, అంత పొగరేంది వానికి అనేది. చివరికి ఊపిరాడకపోయినా మంచిగనే ఉన్న అనుకుంటూ కూర్చున్నాడని ఆమె నమ్మకం. కన్నతల్లిని అక్కర్లేదనుకుని పోయాడని. పెత్రమాస నాడు పోయినవాళ్ల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తారు కదా, తాతల పేర్లు, అవ్వల పేర్లు, తర్వాత నాన్న పేరు, అన్నీ చెప్పించేది. వాడి దగ్గరికి వచ్చేసరికి వద్దనేది. వానికి మేము అక్కెర లేకపాయె, నేనెందుకియ్యాలె అనేది. అయ్యగారు నా వైపు చూసేవాడు. నేను పళ్లెం వైపు చూసేదాన్ని.

ఒక్క మాట చాలు. వాడు చేశాడమ్మా అంటే చాలు, వాడి మీద పడ్డ నింద పోతుంది. ఆ నింద నాది. నేను మోయాల్సింది వాడు మోస్తున్నాడు, నోరు లేనివాడు కదా. ఏటేటా చెబుదామనుకుంటాను. పెళ్లి సంబంధాలు వచ్చినప్పుడు చెప్పాలనుకున్నాను. నాన్న మంచాన పడ్డప్పుడు చెప్పాలనుకున్నాను. ఈ లోపల అమ్మకు షుగర్ వచ్చింది, మోకాళ్లు పోయాయి, కళ్లకు పొర వచ్చింది. కొడుకు మీద కోపంతోనే పోతుందేమో అని భయం పట్టుకుంది నాకు. అయినా నోరు పెగలలేదు. పెగలనప్పుడు ఏం చేయాలి? నేను తెలుగు టీచర్‌ని కదా, కథ రాశాను.

నవలలో తమ్ముడు చచ్చిపోయి ఒక పెద్ద బస్ డిపోలో లేస్తాడు. చచ్చినవాళ్లంతా అక్కడ ఎదురుచూస్తుంటారు. భూమ్మీద తమ కోసం కుమిలిపోయేవాళ్లు తమని తాము క్షమించుకుంటే గానీ వాళ్ల బస్సు కదలదు. చివరికి అక్క కలలో డిపోకు వస్తుంది. నీ తప్పేం లేదక్కా, తెల్వక కట్ చేసినవ్ అంటాడు తమ్ముడు. బస్సు కదులుతుంది. అందరూ ఏడ్చేది అక్కడే. నేను ఏం చేశానంటే, నవలలో ఒకటి, రెండు, మూడు అన్న పద్ధతి తీసేశాను. ఆ ఇంట్లో ఫోన్ మోగితే కట్ చేయడం అలవాటు, అంతే. పాపం పిల్లవాడు మాట్లాడదామని చేశాడు, అక్క అలవాటు ప్రకారం కట్ చేసింది. అలా రాస్తే అక్క అమాయకురాలు. మూడంటే రమ్మని అని రాస్తే అక్క తెలిసి కూడా పోనిది. అందుకే రాయలేదు.

మా స్కూల్లో పదో తరగతి అమ్మాయి ఒకతి స్టాఫ్ రూముకొచ్చి, నాయనమ్మతో కొట్లాడిన రోజే ఆమె పోయిందని, నా పుస్తకం చదివాక తనను తాను క్షమించుకోగలిగానని చెప్పింది. తల నిమిరి పంపాను. నకిలీ మందు అమ్మి, రోగికి నయమైందని వింటే ఎలా ఉంటుందో అలా అనిపించింది.

పోయిన వేసవిలో అమ్మకు కంటి ఆపరేషన్ అయింది. నెల రోజులు చదవొద్దు, టీవీ చూడొద్దు అన్నారు. రెండో రోజుకే ఆమెకు పొద్దు గడవలేదు. ఊర్లోవాళ్లంతా చదువుతున్నారట, నాకు మాత్రం వినిపించవా అని మొదలుపెట్టింది. అది చిన్నపిల్లల పుస్తకమన్నాను. నీకు తలనొప్పి వస్తుందన్నాను. ఆమె వినే రకం కాదు. మధ్యాహ్నాలు అన్నం తిన్నాక, ఆమె మంచం మీద కళ్లు మూసుకుని పడుకుంటే నేను పక్కన కుర్చీ వేసుకుని చదివేదాన్ని. ఇల్లు, బంధువులు, ఊరు అన్నీ మార్చేశాను కాబట్టి అది మా కథేనని ఆమె పట్టుకోదనే అనుకున్నాను. సచ్చినోళ్లకు బస్సులేందే, ఆడ సుత లైన్ల నిలబడాల్నా అని నవ్వింది మొదటి రోజు. డిపోలో టీ దొరుకుతుందా అని కూడా అడిగింది. నాకూ నవ్వొచ్చింది. నాలుగో రోజు, పిల్లవాడు ఫోన్ చేసే అధ్యాయం వచ్చింది. ఎక్కడా ఆగకుండా చదివేశాను.

 అమ్మ కళ్లు తెరవకుండానే అంది.

"నీ కథల పోరడు నయం. తక్లీఫ్ అయితే ఇంటికి ఫోన్ చేసిండు. మనోనికి గా అకల్ సుత లేకపాయె."

పుస్తకం మూసేశాను. ధైర్యం వచ్చి కాదు. ఆ మాట ఇంకొక్కసారి వినే ఓపిక నాలో అయిపోయింది.

"అమ్మా, తమ్ముడు చేసిండు. ఆ రోజు ఫోన్ చేసిండు. నేను కట్ చేసిన."

అమ్మ కదల్లేదు. వినలేదేమో అనుకున్నాను. మళ్లీ చెప్పబోతుంటే చెయ్యి ఎత్తి ఆపింది.

"ఎన్నిసార్లు?"

ఒకటి అని చెప్పొచ్చు. ఒకటి అంటే బయల్దేరాననే కదా, కట్ చేసినా తప్పు లేదు. ఆ అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది.

"మూడు," అన్నాను.

"మూడంటే రమ్మని గదా."

ఇన్నేళ్లయినా ఆమెకు అది గుర్తుంది. ఎందుకుండదు, నాన్న మా అందరికీ ఎక్కాలు నేర్పినట్టు నేర్పించాడు. నేను నవలలోని అబద్ధం మొదలుపెట్టాను. మాట్లాడటానికి చేసి ఉంటాడని, మనం ఎత్తకూడదని అలవాటు చేసుకున్నాం కదా అని, అందుకే తెలియక అని ఏవేవో అన్నాను. అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. కళ్ల నుంచి చుక్కల మందు కారుతోంది.

"దమ్మాడనోడు ఏం మాట్లాడ్తడే? నోట మాట రాకనే మూడు కొట్టిండు వాడు. నీకు అర్థమైంది. ఎందుకు పోలే?"

పదహారేళ్లు నేను ఆ సంగతిని ఎన్నో వైపుల నుంచి తిప్పి చూశాను. ఇది మాత్రం తట్టలేదు. తట్టనివ్వలేదేమో. వాడు ఊపిరాడక సహాయం కోసం చేస్తే నేను మిస్డ్ కాల్ అనుకున్నానని, అది మా ఇంటి పద్ధతి చేసిన పొరపాటని, అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా నన్ను నేను బుజ్జగించుకునేదాన్ని. పొరపాటేమీ లేదు. మాట రానివాడికి ఆ పద్ధతే మాట అయింది. వాడు చెప్పాల్సింది సరిగ్గా చెప్పాడు. నాకు సరిగ్గానే అందింది. కట్ చేసి, అందిందని జవాబు కూడా ఇచ్చాను. వాడు అక్క వస్తుందనే ఆ స్తంభం పట్టుకుని కూర్చుని ఉంటాడు.

"కోపమొచ్చి పోలేదమ్మా," అన్నాను.

"ఏం కోపం?"

"బండిల పెట్రోల్ అయిపోగొట్టిండని."

అమ్మ పెట్రోలా అంది, తనకు సరిగ్గా వినబడిందా అన్నట్టు.  తిడుతుందని, కొడుతుందని ఎదురుచూశాను. కొడితే బాగుండునని నిజంగానే కోరుకున్నాను. ఆమె తడుముకుంటూ ఫోన్ తీసుకుని నాకిచ్చి, వరంగల్‌లో ఉండే చిన్నమ్మకు కలపమంది. కలిపి ఇచ్చాను.

"నా కొడుకు పిలిచిండటనే," అంది ఫోన్లో. "మూడు మార్లు పిలిచిండట."

ఆ గొంతులో సంతోషం ఉంది. పాడుగాను, పదహారేళ్లలో నేను అమ్మ నోట అంత సంతోషం వినలేదు. ఆ వారమంతా ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. పక్కింటామెకు చెప్పింది, పాలవాడికి చెప్పింది. వాడు పొగరుబోతు కాదని, తల్లిని మరిచిపోలేదని, ఊపిరాడకపోయినా ఇంటిని తలచుకున్నాడని చెప్పింది. మరి ఎవరు పోలేదు అని ఎవరూ అడగలేదు. అమ్మ నా పేరు ఎత్తలేదు. వాళ్లు మాత్రం నా వైపు ఒకసారి చూసి, తల దించుకుని పోయేవాళ్లు. అమ్మ వాణ్ని ఆ ఒక్క మధ్యాహ్నంలో క్షమించేసింది. ఒళ్లో పెట్టుకున్నంత పనిచేసింది. మనసులో ఉన్న ప్రేమంతా తీసి వాడికే పెట్టింది.

నాతో మామూలుగానే ఉంటుంది. తిన్నవా అంటుంది, గొడుగు తీసుకుపో అంటుంది. ఆ మామూలుతనం నాకు ముద్ద మింగుడు పడనివ్వడం లేదు. నవల మిగతా భాగం వినిపించమని ఆమె అడగలేదు, నేనూ చదవలేదు. చివరి అధ్యాయం ఆమె ముందు చదివితే నా మొహాన నేనే ఉమ్మేసుకున్నట్టు ఉంటుంది.

మొన్న ఆదివారం పొద్దున ఇద్దరం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నాం. నాలుగు నెలలు గడిచాయి, ఇంక ఉండబట్టలేక అడిగేశాను. నన్ను మాఫ్ చేసినవా అమ్మా అని. ఆమె చేతిలో కాయ ఈనె తీయడం పూర్తిచేసి గిన్నెలో వేసింది.

"నన్నడిగితే ఏమొస్తది బిడ్డా. పిలిచింది నన్ను గాదు గదా, నిన్ను. పోయినంక వాన్నే అడుగు."

కోపంతో అనలేదు. పక్క ఊరికి పోతే అక్కడున్న మనిషిని కలిసి రమ్మన్నంత మామూలుగా అంది. ఆమెకు ఆ నమ్మకం ఉంది. పోయాక వాడు కనబడతాడు, ఇన్నేళ్లు తిట్టినందుకు వాడి చుబుకం పట్టుకుని బతిమాలుకుంటుంది, వాడు నవ్వేస్తాడు. ఇప్పుడు ఆమెకు చావంటే భయం కూడా పోయిందని నాకనిపిస్తుంది. నాకా దారి లేదు. ఆ లోకం గురించి రెండు వందల పేజీలు రాసినదాన్ని నేనే. స్టాఫ్ రూములో పిల్లల నోట్సులు దిద్దుకుంటూ, మధ్య మధ్యలో అక్కడి గోడలకు రంగులు వేసి, మనుషుల్ని కూర్చోబెట్టి, వాళ్లతో నాకు కావలసిన మాటలు చెప్పించాను. అక్కడ ఎవరూ లేరని నాకంటే బాగా ఎవరికీ తెలియదు.